బండి తొట్టికి రక్షణ పూత: ఎంపికలో మెలకువలు

సరుకులు మోసే చిన్న బండ్లు మన ప్రాంతంలో ఎంతగా పెరిగాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత, ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తరువాత ట్రాక్టరు చేసిన పని చాలావరకు ఈ చిన్న బండ్ల మీదికి మారింది. యానాం ప్రాంతంలోని అగ్రహారం వంటి ఊళ్లో వీధి వెంట నడిచి వెళ్తే, పి.వై. 04 నంబరు పలకతో ఒక ఏస్ బండో, ఒక బొలెరో పికప్పో ఏదో ఒక ఇంటి ముందు కనిపిస్తుంది. పొద్దున రొయ్యల ట్రేలు, మధ్యాహ్నం కొబ్బరికాయలు, సాయంత్రం సిమెంటు బస్తాలు. బండి ఒకటే, బేరాలు మూడు. ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలో, టైర్లు ఎప్పుడు మార్చాలో యజమానికి కంఠతా వస్తుంది. వెనక తొట్టి సంగతి మాత్రం, నేల రేకుకు కన్నం పడి కింద రోడ్డు కనిపించేదాకా ఎవరూ పట్టించుకోరు.

అప్పటికి బండి మీద బాకీ ఇంకా తీరి ఉండదు. వెల్డింగు షెడ్డుకు తీసుకువెళ్లి ముక్క రేకు అతికిస్తారు. ఆరు నెలలకు దాని పక్కనే ఇంకో కన్నం. అమ్మబోతే కొనేవాడు ముందు తొట్టిలోకి ఎక్కి కాలితో తన్ని చూస్తాడు, ధర అక్కడే పడిపోతుంది. సరుకుల బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకు ఒకసారి, ఆ తరువాత ప్రతి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి కదా, తినేసిన తొట్టితో అక్కడ కూడా ఇబ్బందే.

ఈ నష్టాన్ని తప్పించుకోవటానికి తొట్టి లోపల తుపాకీతో చిమ్మి వేసే మందపాటి పూత ఒకటి వచ్చింది. విదేశాలలో పికప్ బండ్లకు ఇది బాగా అలవాటైన వస్తువు. మన దగ్గర ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. దీనిని ఎలా ఎంచుకోవాలి, ఎవరికి ఇది అవసరం, ఎవరికి అనవసరం అనే విషయాలు ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. "ఏ కంపెనీ పూత మంచిదండీ?" అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. పూత కింద ఏముంది అన్నది మొదటి ప్రశ్న. మన సముద్రపు గాలిలో బండి తొట్టి బతకటం, చెడటం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా తుప్పు సంగతి కొంచెం చూద్దాం. ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఇది అందరికీ తెలిసినదే. వీటికి ఉప్పు తోడైతే పని మరీ వేగం అవుతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, తుప్పు పట్టటం అనేది నిజానికి ఒక చిన్న బ్యాటరీ పనిచెయ్యటం వంటిదే. పైగా ఉప్పులోని క్లోరైడ్ రేకు మీద అంతటా సమానంగా తినదు. ఒక్కచోట చేరి సూదితో పొడిచినట్టు లోపలికి గుంట చేసుకుంటూ పోతుంది. అందుకే పైకి రేకు బాగానే కనిపిస్తూ, ఒకరోజు హఠాత్తుగా కన్నం బయటపడుతుంది.

ఇక ఉప్పుకు ఉన్న రెండో గుణం ఇంకా ప్రమాదకరమైనది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే ఆ తేమను పీల్చుకుని నీరవుతుంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చటం మీరు చూసే ఉంటారు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది అంతకంటే చాలా తక్కువ తేమలోనే చెమరుస్తుంది. గౌతమి గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న యానాంలో గాలి తేమ గురించి చెప్పనే అక్కరలేదు. అంటే రొయ్యల లోడు దించి, తొట్టి ఎండలో ఆరబెట్టి, "పొడిగా ఉంది కదా" అని మనం అనుకుంటాం. రాత్రికి ఆ ఉప్పు మళ్లీ తడి చేస్తుంది. బండి నిద్రపోతుంది గాని తుప్పు నిద్రపోదు. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాలలో రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు, అక్కడి బండ్లకు కూడా ఇదే జబ్బు. అక్కడికి వెళ్లి స్థిరపడిన మనవాళ్లను అడిగితే చెబుతారు.

ఇప్పుడు మన ముందున్న మార్గాలు చూద్దాం. చిమ్మే పూత ఒక్కటే మార్గం కాదు.

కూలీలకు అలవాటైనది, చవకైనది, నేల మీద ప్లైవుడ్డు గాని చెక్క గాని పరవటం. రేకుకు దెబ్బ తగలదు. కాని చెక్క తడిని పీల్చుకుని రోజుల తరబడి రేకుకు ఆనించి పెడుతుంది. ఐసు నీళ్లు కారే లోడుకు ఇది మందు కాదు, విషం. రెండోది రబ్బరు చాప. ఫ్యాక్టరీలలో వాడి తీసేసిన కన్వేయరు బెల్టు ముక్కలు కూడా దీనికి బాగా పనికివస్తాయి. సరుకు జారదు, చప్పుడు ఉండదు, దెబ్బ తట్టుకుంటుంది. దీని చిక్కల్లా కింద చేరే నీరే. వారానికి ఒకసారి చాప ఎత్తి, కింద కడిగి, ఆరబెట్టే ఓపిక ఉన్నవారికి రబ్బరు చాప చాలా మంచిది. ఆ ఓపిక లేనివారికి అది తుప్పు మీద కప్పిన దుప్పటి. విదేశీ పికప్ బండ్లకు తొట్టి ఆకారంలోనే పోతపోసిన ప్లాస్టిక్ తొడుగులు కూడా వస్తాయి. వాటి గుణం, దోషం కూడా ఇంచుమించు ఇవే. బండి కుదుపులకు ఆ తొడుగు కదిలి, మధ్యలో చేరిన ఇసుకతో కలిసి కింద ఉన్న రంగును గరుకు కాగితం రుద్దినట్టు రుద్దేస్తుంది.

మూడోది లోహపు పలక. ఇటుకలు, కంకర, ఇసుక మోసేవారు రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకును నేల మీద అదనంగా వేయించుకుంటారు. పార అంచు తగిలినా, పలుగు పడినా ఆ రేకే దెబ్బతింటుంది, తొట్టి నిలుస్తుంది. బరువు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం చెకర్డ్ ప్లేటు బరువు తక్కువ, తుప్పు పట్టదు. అయితే అల్యూమినియంను ఇనుముకు నేరుగా ఆనించి, మధ్యలో ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య విద్యుత్తు పారి ఒకటి రెండోదాన్ని తినటం మొదలుపెడుతుంది. అందుచేత అల్యూమినియం వేసేవారు మధ్యలో రబ్బరు వాషర్లు, పలచని రబ్బరు పట్టీలు తప్పకుండా వేయించుకోవాలి.

మన మత్స్యకారుల ఫైబర్ బోట్లను చూసి, తొట్టికి కూడా అదే ఫైబరు పొర వేయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఫైబరు ఉప్పునీటికి బాగా ఆగుతుంది, సందేహం లేదు. కాని అది బిరుసు. బోటుకు బోటంతా ఒకే ఫైబరు ముక్క కాబట్టి అక్కడ సరిపోతుంది. బండి తొట్టి గతుకులలో మెలితిరుగుతుంది, లోడు పడ్డప్పుడు రేకు కిందికి వంగి మళ్లీ లేస్తుంది. ఆ వంపులకు బిరుసైన ఫైబరు పగిలి, ఆ పగుళ్లలోంచి నీరు దిగుతుంది. మూలల దగ్గర ముందు పగులుతుంది.

ఇక చిమ్మే పూత విషయానికి వద్దాం. ఇందులో ముఖ్యంగా రెండు జాతులు ఉన్నాయి. ఒకటి పాలీయూరిథేన్. దీనికి మూలమైన రసాయనాన్ని జర్మనీలో ఆటో బేయర్ అనే శాస్త్రవేత్త 1937లో కనిపెట్టాడు. మన పరుపులలోని స్పాంజి, చెప్పుల అట్టలు కూడా ఈ కుటుంబానివే. రెండోది పాలీయూరియా. అమెరికాలోని టెక్సకో కంపెనీ రసాయన విభాగంలో 1980లలో దీనిని తుపాకీతో చిమ్మే పూతగా తయారుచేశారు. యూరియా అనగానే పొలంలో చల్లే యూరియా బస్తా గుర్తుకు రావచ్చు. రెండింటిలోనూ ఒకే తీరు రసాయన బంధం ఉంది గాని, ఆ ఎరువుకూ ఈ పూతకూ వేరే సంబంధం ఏమీ లేదు.

రెండింటికీ పని తీరు ఒకటే. ఐసోసైనేట్ అనే రసాయనం ఒక డ్రమ్ములో, దానితో కలిసే జిగురు వంటి రసాయనం ఇంకో డ్రమ్ములో ఉంటాయి. యంత్రం వీటిని సుమారు 65 నుంచి 75 డిగ్రీల వరకు వేడిచేసి, చాలా గట్టి ఒత్తిడితో గొట్టాల ద్వారా పంపుతుంది. తుపాకీ మూతి దగ్గర రెండూ కలుస్తాయి. పాలీయూరియా అయితే కొన్ని సెకండ్లలోనే గట్టిపడిపోతుంది. పాలీయూరిథేన్ కొంచెం నిదానం. ఈ తేడా మనకు ముఖ్యమే. నిదానంగా గట్టిపడే పాలీయూరిథేన్‌కు ఆ లోపు గాలిలోని తేమ తగిలితే, ఐసోసైనేట్ నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. అది పూతలో బుడగలుగా నిలిచిపోతుంది. బుడగలున్న పూత చూడటానికి మందంగానే ఉంటుంది, లోపల మాత్రం అప్పడంలా బోలు. మన వంటి తేమ ప్రాంతానికి, పూత వేసేవాడి చెయ్యి నమ్మకమైనదైతే, పాలీయూరియా మేలు అని నేను చెబుతాను. చెయ్యి నమ్మకం లేకపోతే ఏదైనా ఒకటే.

యంత్రం లేకుండా డబ్బాలో రెండు మందులు కలుపుకుని, చిన్న గన్నుతోనో, రోలరుతోనో వేసుకునే రకాలు కూడా బజారులో దొరుకుతాయి. ఇవి రంగు కంటే గట్టివి, యంత్రపు పూత కంటే పలచనివి. ఒక్కో పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. కూరగాయలు, బట్టల మూటలు, గుడ్ల ట్రేలు వంటి తేలిక సరుకులు మోసే బండికి ఇవి సరిపోతాయి. రోజూ బండరాళ్లు ఎక్కించే బండికి సరిపోవు.

మందం గురించి ఒక మాట. యంత్రంతో వేసే పూత నేల మీద రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు, పక్క గోడలకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉండాలని అడగండి. "చదరపు అడుగుకు ఇంత" అని రేటు చెప్పేవారిని, ఎంత మందానికి ఆ రేటు అని వెంటనే అడగాలి. మందం చెప్పని రేటు, కొలత చెప్పని గుడ్డ వంటిది. బరువు పెరుగుతుందేమో అనే భయం అక్కరలేదు. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గోడలున్న తొట్టిని తీసుకుందాం. నేల 35 చదరపు అడుగులు, నాలుగు గోడలు 24 చదరపు అడుగులు, మొత్తం 60 లోపు. దానికి రెండున్నర మిల్లీమీటర్ల పూత వేస్తే పెరిగే బరువు సుమారు 15 కిలోలు. అదే నేలకు రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకు పరిస్తే 50 కిలోలు దాటుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పొడిగా ఉన్నప్పుడే 25 కిలోల వరకు ఉంటుంది, నీళ్లు తాగితే ఎంతవుతుందో చెప్పలేం. ముప్పాతిక టన్ను మోసే బండికి 50 కిలోలంటే ఒక సిమెంటు బస్తా. రోజూ ఒక బస్తా ఊరికే మోస్తున్నట్టు.

ఇక అసలు విషయం, రేకును తయారుచెయ్యటం. ఇక్కడ కొత్త బండికి ఒక పద్ధతి, పాత బండికి ఒక పద్ధతి.

బండి కొత్తదైతే కంపెనీ వేసిన రంగును తీసేయవద్దు. ఫ్యాక్టరీలో బండి ఒళ్లంతా మందులో ముంచి, విద్యుత్తుతో పట్టించే అడుగు పూత ఒకటి ఉంటుంది. సందులలోకి కూడా వెళ్లే అటువంటి పూతను బయట ఏ షెడ్డూ వెయ్యలేదు. దానిని గీకి ఇనుము బయటపెడితే, ఉన్న కవచాన్ని విప్పి కొత్తది తొడిగినట్టు అవుతుంది. పై నిగనిగ పోయేటట్టు ముతక ఎమ్రీ కాగితంతో అంతటా గరుకు చేసి, దుమ్ము, జిడ్డు లేకుండా తుడిస్తే చాలు. నునుపుగా ఉన్న రంగు మీద వేసిన పూత కొంతకాలానికి అట్టు లేచినట్టు మొత్తంగా లేచి వస్తుంది.

బండి పాతదైతే వ్యవహారం వేరు. అగ్రహారం నుంచి రెండేళ్లుగా తాళ్లరేవు వైపు రొయ్యల చెరువులకు తిరుగుతున్న బండి ఒకటి ఉందనుకుందాం. 2009లో మన దేశంలో వెనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చిన తరువాత ఇటువంటి లోడ్లు బాగా పెరిగాయి. రొయ్యలు ట్రేలలో ఉంటాయి, మధ్య మధ్య ఐసు. ఐసు కరిగిన నీరు రొయ్యల ఉప్పుతో కలిసి తొట్టి అంతా పారుతుంది. రేకుల అతుకుల దగ్గర, గోడ నేలను కలిసే మూలలో, వెనక డోరు కీళ్ల దగ్గర అప్పటికే ఎర్రటి చారలు వచ్చి ఉంటాయి. ఇటువంటి తొట్టిని వైరు బ్రష్షుతో నాలుగు రుద్దులు రుద్ది, రెడ్ ఆక్సైడు కొట్టి, దానిమీద ఖరీదైన పూత చిమ్మితే ఏమవుతుంది? పూత గట్టిదే. కాని అది పట్టుకున్నది రెడ్ ఆక్సైడును, రెడ్ ఆక్సైడు పట్టుకున్నది తుప్పు పొడిని. గొలుసులో బలహీనమైన కడియం తెగుతుంది. అంతకంటే ఘోరం, గుంటల్లో మిగిలిపోయిన ఉప్పు. పూత కింద ఉన్నా అది మెల్లగా తేమను లాక్కుంటుంది. పైన నల్లగా, అందంగా, కొత్త బండిలా ఉంటుంది. కింద రేకు కరిగిపోతూ ఉంటుంది. పూత లేకపోతే తుప్పు కంటికి కనబడేది, ముందే జాగ్రత్తపడేవాళ్లం. చెడ్డగా వేసిన పూత ఆ అవకాశాన్ని కూడా తీసేస్తుంది.

కాబట్టి పాత తొట్టికి ముందు చెయ్యవలసింది కడగటం. రంగు పనికి ముందు, గీకటానికి కూడా ముందు. మంచి నీటితో, ఒత్తిడి గల పంపుతో, మూలమూలలా. బోరు నీరు ఉప్పగా ఉండే చోట ఆ నీటితో కడిగి లాభం లేదు, ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. కుళాయి నీరు గాని, పట్టి ఉంచిన వాన నీరు గాని వాడండి. ఆ తరువాత సాండ్ బ్లాస్టింగు. అంటే గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి, రేకును తెల్లబడేటట్టు చెయ్యటం. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవు పట్టణాలలో ఈ పని తెలిసినవారు ఉంటారు. మామూలు ఇసుకతో కొట్టవద్దని చెప్పండి, ఆ ధూళి పనివాడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. గార్నెట్ గాని, రాగి చిట్టెం గాని వాడాలి. బ్లాస్టింగు అయిన రేకు సముద్రపు గాలిలో గంటల్లోనే మళ్లీ ఎర్రబారుతుంది, అందుచేత ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు పడాలి. రేకు కన్నాలు పడేంత పలచబడి ఉంటే బ్లాస్టింగు కూడా వృథా. ముందు నేల రేకు మార్పించి, తరువాత పూత సంగతి ఆలోచించండి. అంత ఖర్చు పెట్టే వీలు లేనివారు, మామూలు రంగు వేయించి, ఎత్తి కడగటానికి వీలైన రబ్బరు చాప వేసుకోవటమే తెలివైన పని. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

రేకు మీద జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవటానికి యంత్రాలు అక్కరలేదు. శుభ్రం చేసిన చోట కొన్ని మంచినీళ్లు చల్లండి. నీరు పలచగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు. తరువాత ఆ నీరు బాగా ఆరాలి సుమా.

పూత వేసే వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున బండి రేకు మీద మంచు పట్టి ఉండటం మనం చూస్తాం. కంటికి కనిపించని పలచని తడి అంతకు ముందూ, ఆ తరువాతా కూడా ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం మించినప్పుడు గాని, రేకు వేడిమి మంచు పట్టే వేడిమి కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ లేనప్పుడు గాని పూత వెయ్యకూడదని ఈ పనిలో నియమం. మన లెక్కలో చెప్పాలంటే పొద్దెక్కిన తరువాత మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ముగించాలి. జూన్ నుంచి నవంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఫిబ్రవరి నుంచి మే వరకు మంచి కాలం.

ఇంతకీ ఈ పూత వేసేవారు ఎక్కడ దొరుకుతారు? మన దేశంలో పాలీయూరియా యంత్రం ఎక్కువగా డాబాలకు, నీళ్ల ట్యాంకులకు నీరు కారకుండా పూత వేసేవారి దగ్గర ఉంటుంది. బండ్ల బాడీ పనికి పేరుపడ్డ విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కూడా వాకబు చెయ్యవచ్చు. డాబా పనివారి దగ్గరకు వెళ్తే, ఇనుము మీద ఎన్ని పనులు చేశారో అడగండి. సిమెంటుకు వాడే ప్రైమరు వేరు, ఇనుముకు వాడేది వేరు. నేను సూచించే పరీక్ష ఒకటుంది. అరచేయంత రేకు ముక్కను తొట్టితో పాటే గరుకు చేయించి, అదే రోజు అదే తుపాకీతో పూత వేయించండి. మరునాడు దానిని రెండుగా వంచి చూడండి, పూత చిట్లకూడదు, ఊడకూడదు. చాకుతో అంచు లేపటానికి ప్రయత్నించండి. ముక్క ముక్కలుగా తప్ప పొరలాగా రాకూడదు. కోసిన అంచును చూస్తే మందం ఎంతో, లోపల బుడగలు ఉన్నాయో లేవో కూడా తెలిసిపోతుంది. బిల్లులో మందు పేరు, మందం, రేకు మీద చేసిన పని, తేదీ రాయించుకోండి. జీవితాంతం గ్యారంటీ అనే మాటకు మురిసిపోవద్దు. కోతలకు, రంగు వెలియటానికి, కింది వైపు నుంచి వచ్చే తుప్పుకు అది సాధారణంగా వర్తించదు.

కింది వైపు అంటే గుర్తుకు వచ్చింది. తొట్టి నేల రేకుకు అడుగు భాగం కూడా ఉంది. చక్రాలు చిమ్మే నీరు, బురద అంతా అక్కడికే చేరుతుంది. లోపల ఎంత మంచి పూత వేసినా, అడుగున రంగు లేకపోతే రేకు కింది నుంచి పోతుంది. అడుగుకు మామూలు అండర్ బాడీ కోటింగు చాలు. అలాగే తొట్టిలో నీరు పోవటానికి ఉన్న కన్నాలను పూతతో మూసెయ్యనివ్వకండి. మూసేస్తే తొట్టి కాస్తా చెరువవుతుంది. కన్నం అంచు చుట్టూ, లోపలి వైపు దాకా పూత తిరగాలి. డోరు కీళ్లు, గొళ్లాలు, విప్పవలసిన బోల్టులు ముందే విప్పి పక్కన పెట్టించాలి.

రంగు విషయంలో చాలామంది నలుపు కోరుకుంటారు. మామూలు రకం పూతలు ఎండకు రంగు మారి వెలుస్తాయి, నలుపులో అది తక్కువగా కనబడుతుంది కనుక ఆ కోరిక సబబే. ఎండకు రంగు మారని రకం వేరే ఉంది, ఖరీదు ఎక్కువ. ఐసు లోడ్లు మోసేవారు మాత్రం లేత బూడిద రంగు తీసుకుంటే మంచిది. మే నెల ఎండలో ఖాళీగా నిలబడ్డ నల్లటి తొట్టిలో అడుగు పెట్టినవారికి కారణం చెప్పనక్కరలేదు. పైభాగం మరీ నునుపుగా కాక, కొంచెం గరుకుగా చిమ్మించండి. తడి తొట్టిలో ట్రేలు మోసే కూలీ కాలు జారకూడదు కదా. మరీ గరుకైతే పొలుసు, మట్టి ఇరుక్కుని కడగటం కష్టం. ఇంకొక మాట, చేపలు, రొయ్యలు ఎప్పుడూ ట్రేలలోనే ఉండాలి. ఆహారం నేరుగా తగలవచ్చని తయారీదారు రాసి ఇస్తే తప్ప, పూత మీద నేరుగా పొయ్యకండి.

పూత వేసే చోట నిలబడి చూద్దామని సరదా పడేవారికి ఒక హెచ్చరిక. ఐసోసైనేట్ అనే పేరు 1984లో భోపాల్ దుర్ఘటన వల్ల మన చెవిన పడింది. అక్కడ విడుదలైనది మిథైల్ ఐసోసైనేట్, ఈ పూతలో వాడేది అది కాదు, అంత వేగంగా ఆవిరయ్యేదీ కాదు. అయినా చిమ్మేటప్పుడు గాలిలో తేలే తుంపర పీలిస్తే ఆయాసం, ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తరువాత కొంచెం తగిలినా ప్రాణం మీదికి వస్తుంది. పనివాడు బయటి నుంచి మంచి గాలి అందే ముసుగు పెట్టుకోవాలి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని చేసే పని కాదిది. ఆ ముసుగు లేని షెడ్డులో పని ఇవ్వకండి. పనివాడి ఊపిరి గురించి పట్టించుకోనివాడు మీ రేకు గురించి పట్టించుకుంటాడని నమ్మలేం.

పెట్రోలు బంకు దగ్గర ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. యానాంలో పెట్రోలు, డీజిలు ధర చుట్టుపక్కల ఆంధ్ర ఊళ్ల కంటే తక్కువ. అందుచేత ఇంజన్లకు, జనరేటర్లకు డబ్బాలతో తీసుకువెళ్లే అలవాటు ఉంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తొట్టిలో డబ్బా ఉంచి అలాగే పెట్రోలు పోయిస్తుంటే, డబ్బాలో పుట్టిన స్థిర విద్యుత్తు భూమిలోకి పోయే దారి లేక నిప్పురవ్వ పుట్టి మంటలు లేచిన సంఘటనలు అమెరికాలో జరిగాయి. 1998లో అక్కడి వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. చిమ్మిన పూత కూడా విద్యుత్తును పారనివ్వదు. కాబట్టి డబ్బా ఏదైనా తొట్టిలోంచి కిందికి దించి, నేల మీద పెట్టి పోయించాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు మాట అసలే వద్దు.

పూత పడ్డాక కూడా కడగటం మానకూడదు. రొయ్యల లోడు దించిన ప్రతిసారీ మంచి నీటితో కడిగి, బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేటట్టు నిలబెడితే నీరంతా వెనక్కి పోతుంది. నెలకొకసారి మూలలు, అంచులు, కన్నాల చుట్టూ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా పూత తెగి ఉంటే ఆలస్యం చెయ్యకుండా అక్కడ కడిగి, ఆరబెట్టి, గరుకు చేసి, డబ్బా మందుతో మాటు వేయించాలి. తెగిన చోట వదిలేస్తే నీరు పూత కిందుగా పక్కలకు పాకుతుంది. ఇటుకలు, ఇసుక కూడా మోసే బండి అయితే, ఆ రోజులకు పూత మీద ఒక రబ్బరు చాప పరుచుకోండి. పార అంచు పడేది చాప మీదే.

చివరగా, కొత్త పూత వేసిన రోజుల గురించి. పాలీయూరియా కొన్ని సెకండ్లలో గట్టిపడుతుందని చెప్పాను గాని, పూర్తి బలం రావటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ పూటే దాని మీద నడవవచ్చు, మరునాడు తేలిక లోడు వెయ్యవచ్చు. ఐసు నీళ్లు, బరువు సరుకులు మాత్రం వారం రోజులు ఆపాలి. రోజూ తిరిగితే గాని వాయిదా కట్టలేని బండిని వారం ఖాళీగా నిలబెట్టండి అనటం న్యాయం కాదు. అందుచేత చెరువు పట్టుబడులు లేని వారం చూసుకుని పూత పని పెట్టుకోండి. ఆ వారం ఎదుర్లంక వారధి దాటి కోనసీమ వైపు కొబ్బరికాయల బేరాలు ఒప్పుకోవచ్చు. కొత్త పూతకు కొబ్బరికాయల వల్ల ఏ ఇబ్బందీ ఉండదు.